డిస్పెప్సియా అంటే కడుపులో వంట చెడిందని!

పోయిన నెల మందుల చీటీల్లో కనపడే మాటల గురించి ఒక ముక్క రాశాం, అంతే, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం కడుపు గురించే. మందులు అడిగినవాళ్ళు దయచేసి డాక్టరు దగ్గరికే వెళ్ళండి, ఇక్కడ దొరికేది మాటల సంగతి మాత్రమే.

ప్రశ్న: నాలుగు ముద్దలు తినగానే పొట్ట నిండిపోయినట్టుంటోంది, పుల్లటి తేన్పులు, పైపొట్టలో మంట. డాక్టరు గారు చీటీలో డిస్పెప్సియా అని రాశారు. ఇంటర్ చదివే మా అబ్బాయి అది చూసి "అమ్మా, నీ జబ్బులో పెప్సీ ఉంది" అని ఒకటే నవ్వు. ఆ మాటకి అర్థమేంటండీ? నిజంగానే పెప్సీకీ దీనికీ ఏమైనా చుట్టరికం ఉందా? (ఒక పాఠకురాలు, తణుకు)

జవాబు: చుట్టరికం ఉందండీ, మీవాడు వేళాకోళానికి అన్నా సరిగ్గానే పట్టుకున్నాడు. అయితే పెప్సీ దగ్గరికి వచ్చేముందు కొంచెం దూరం వెళ్ళాలి, గ్రీసు దాకా.

డిస్పెప్సియాలో రెండు ముక్కలున్నాయి. డిస్ అంటే చెడు, కష్టం. మన దుర్గంధం, దుష్ఫలితం అన్నప్పుడు ముందుండే దుర్, దుస్ ఉంది చూడండి, దానికి ఇది సాక్షాత్తు తోబుట్టువే. రెండో ముక్క పెప్సిస్. డిక్షనరీలో చూస్తే అరుగుదల అని ఉంటుంది కానీ గ్రీకువాళ్ళకి ఆ మాట అంతకంటే చాలా పెద్దది. దాని క్రియ పెస్సో, ఏథెన్స్ వాళ్ళ యాసలో పెత్తో. రొట్టె కాల్చినా అదే మాట, చెట్టుమీద కాయ పండినా అదే, తిన్నది కడుపులో అరిగినా అదే. అంటే వాళ్ళ దృష్టిలో వంట, పండడం, అరగడం మూడూ ఒకే పని, పచ్చిగా ఉన్నదాన్ని వేడి పట్టుకుని పాకానికి తెస్తుంది, పొయ్యి మీదైతే నిప్పు, చెట్టుమీదైతే ఎండ, కడుపులో అయితే ఒంట్లో ఉండే వేడి.

ఇది నేను కల్పించి చెప్తున్నది కాదు, అరిస్టాటిల్ పేరుతో ఉన్న మెటియోరోలాజికా అనే గ్రంథం నాలుగో భాగంలో దీన్ని పేర్లు పెట్టి మరీ విడదీశారు. పెప్సిస్‌లో మూడు రకాలట, పండడం, ఉడకడం, కాలడం. అది సరిగ్గా జరక్కపోతే అపెప్సియా, అందులోనూ మూడు రకాలు, అసలు పచ్చిగానే ఉండిపోవడం, సగం సగం ఉడకడం, పైన మాడి లోపల పచ్చిగా ఉండడం. పప్పు సరిగ్గా ఉడక్కపోతే ఎవరింట్లో అయినా వినపడే మాటలే కదా ఇవి. ఇంకో తమాషా, ఒంటిమీద లేచిన గడ్డలకి కూడా ఈ "పండడం" అనే మాటనే వాడొచ్చని అదే చోట ఉంది. మనం సెగగడ్డ పండింది అనడం లేదూ, అచ్చం అదే.

కడుపుతో ఆగలేదు ఆ మాట. హోమర్ ఇలియడ్‌లో అకిలీస్ యుద్ధానికి రాకుండా ఓడల దగ్గర కూర్చుని కోపంతో కుమిలిపోతుంటాడు, అక్కడ వాడిన క్రియ కూడా పెస్సోనే, అంటే కోపాన్ని లోపల్లోపల ఉడకబెట్టుకుంటున్నాడన్నమాట. అదే కావ్యం మొదట్లో ఇంకోచోట, రాజుగారు ఆ పూటకి కోపాన్ని దిగమింగినా లోపల కక్ష మాత్రం ఉంచుకుంటాడు అని జోస్యుడు కాల్కస్ చెప్పేచోట కూడా ఇదే క్రియ ఇంకో రూపంలో ఉంటుంది. మనం ఉడికిపోతున్నాడు, ఉడుకుమోతు, కడుపుమంట అని రోజూ అంటాం కాబట్టి మనకిది కొత్తగా అనిపించదు, ఇంగ్లీషులోకి అనువాదం చేసేవాళ్ళకే ఇబ్బంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ పెప్ అనే ధాతువూ మన సంస్కృతంలోని పచ్ అనే ధాతువూ ఒకటే. పచనం, పాకం, పక్వం, పరిపక్వత, పాకశాల అన్నీ అక్కణ్ణుంచి వచ్చినవే. భోజనానికి ముందు చాలామంది చదువుకునే గీతా శ్లోకం గుర్తు తెచ్చుకోండి, పదిహేనో అధ్యాయంలోది, "అహం వైశ్వానరో భూత్వా" అని మొదలై "పచామ్యన్నం చతుర్విధమ్" అని ముగుస్తుంది. వైశ్వానరుడనే అగ్నిగా ప్రాణుల ఒంట్లో ఉండి నాలుగు రకాల అన్నాన్ని పచామి, వండుతాను అంటున్నాడు కృష్ణుడు. నాలుగు రకాలంటే నమిలేవి, మామూలుగా తినేవి, నాకేవి, పీల్చేవి. ఇక్కడ వండడం అంటే అరిగించడమే. ఆయుర్వేదంలో జఠరాగ్ని, మందాగ్ని అనే మాటలన్నీ ఈ లెక్కలోవే, మంట తగ్గితే వంట కాదు, వంట కాకపోతే మిగిలేది ఆమం. ఆమం అంటే పచ్చిది, ఉడకనిది. అరిస్టాటిల్ జాబితాలో "పచ్చిగా ఉండిపోవడం" అని చెప్పాను కదా, దానికి గ్రీకు మాట ఓమోస్ నుంచి వచ్చింది, ఆ ఓమోస్ కూడా మన ఆమంతో ఒకే తల్లి బిడ్డ! అజీర్తికి అక్కడి వైద్యుడూ ఇక్కడి వైద్యుడూ ఒకే రెండు ధాతువులతో ఒకే కథ చెప్పారు, పక్వం కాలేదు, ఆమం మిగిలింది అని. ఇంతకంటే ఏం కావాలండీ. కాబట్టి మీ చీటీలో ఉన్నదాన్ని ముక్కకి ముక్క పెడితే దుష్పచనం అని వస్తుంది, కడుపులో వంట చెడిందని.

ఇక పెప్సీ. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం న్యూ బెర్న్ అనే ఊళ్ళో కేలెబ్ బ్రాడమ్ అనే మందులషాపాయన 1893లో తన షాపులోనే ఒక డ్రింకు కలిపి అమ్మాడు, అప్పుడు దాని పేరు బ్రాడ్స్ డ్రింక్. అరుగుదలకి మంచిదని ఆయన నమ్మకం. 1898లో పేరు పెప్సీ కోలా అని మార్చాడు, డిస్పెప్సియాలోంచి తీసిన పెప్సీయే అది. ఆ రోజుల్లో అమెరికాలో సోడా అమ్మేది మందులషాపుల్లోనే, అందుకని ఆ పేరు అప్పటివాళ్ళకి మందు పేరులాగే వినపడేది. ఇంకా నవ్వొచ్చే సంగతి, నేటి గ్రీకు భాషలో పాత పెప్సిస్ కాస్త అరిగి ఏమైందో తెలుసా, పెప్సి! ఏథెన్స్‌లో డాక్టరు అరుగుదల గురించి చెప్తుంటే పక్కనున్న మనకి కూల్‌డ్రింక్ గురించి చెప్తున్నట్టే ఉంటుంది. మన దేశంలోకి అది 1990లో లెహర్ పెప్సీగా వచ్చింది, ఆ లెహర్ అనే ముక్క గుర్తున్నవాళ్ళంతా ఇప్పుడు డిస్పెప్సియా వయసుకి వచ్చేసి ఉంటారు. పేరు చూసి మాత్రం తాగకండి తల్లీ, గ్యాసు, పులుపు, చక్కెర కలిసిన నీళ్ళు మీ పుల్లటి తేన్పుల్ని ఎక్కువ చేసేవే.

ప్రశ్న: మా ఇంట్లో అందరికీ "గ్యాస్". గుండెలో మంటైనా గ్యాసే, నడుం నొప్పైనా గ్యాసే. డాక్టర్లు గ్యాస్ట్రిక్ అంటారు. గ్యాస్, గ్యాస్ట్రిక్ ఒకటేనా? అదీ గ్రీకేనా? (ఒక ఆర్టీసీ ఉద్యోగి, కర్నూలు)

జవాబు: రెండూ గ్రీకు నుంచే వచ్చాయి గానీ ఒకదానికొకటి ఏమీ కావు, పేర్లు కలిసిన ఇద్దరు మనుషుల్లాంటివి. గ్యాస్ట్రిక్ అనేది గాస్తేర్ నుంచి వచ్చింది, గాస్తేర్ అంటే కడుపు. గ్యాస్ట్రిక్ అంటే "కడుపుకి సంబంధించిన" అనే, గాలి సంగతి అందులో లేదు. మనవాళ్ళు గ్యాస్ట్రిక్ ట్రబుల్‌ని ముద్దుగా గ్యాస్ ట్రబుల్ చేసేశారు, దాంతో కడుపు జబ్బులన్నీ గాలి జబ్బులైపోయాయి.

గ్యాస్ అనే మాటని మాత్రం ఒక మనిషి కూర్చుని తయారుచేశాడు. బ్రస్సెల్స్ వైపు ఉండే యాన్ బాప్టిస్ట్ వాన్ హెల్మాంట్, 1600ల్లో వైద్యుడు, రసాయనాలమీద పిచ్చి ఉన్నవాడు. బొగ్గు కాలినప్పుడూ ద్రాక్షరసం పులిసినప్పుడూ వచ్చే కంటికి కనపడనిదానికి ఏం పేరు పెట్టాలా అని గ్రీకు ఖాయోస్ తీసుకున్నాడు, సృష్టికి ముందున్న అయోమయం, ఇంగ్లీషులో కేయాస్ అంటారే అదే. వాళ్ళ డచ్చి నోట్లో అక్షరం గరగరలాడి గ్యాస్ అయింది. ఆయన రాతలు చనిపోయాక 1648లో కొడుకు అచ్చేయించాడు.

మీ ప్రశ్నకి ఆయన్ని ఇంత పొడుగ్గా చెప్పడానికి కారణం ఉంది. పైన తణుకు పాఠకురాలికి చెప్పిన "కడుపులో వంట" సిద్ధాంతాన్ని గట్టిగా కాదన్న మొదటివాళ్ళలో ఈయనొకడు. ఆయన వేసిన ప్రశ్న చిన్నదే, అరగడానికి వేడే కారణమైతే చేపకి ఎలా అరుగుతోంది, దాని ఒళ్ళు చల్లగా ఉంటుంది కదా? జ్వరం వచ్చినవాడికి ఒళ్ళు కాలిపోతుంటే అన్నం ఇంకా బాగా అరగాలి కదా, మరి వాడికి ముద్ద సహించదేం? కాబట్టి వేడి కాదు, కడుపులో ఉండే పులుపూ, పులియబెట్టే గుణం ఉన్న ఏదో పదార్థమూ ఈ పని చేస్తున్నాయని వాదించాడు. దోసెల పిండి రాత్రి కలిపి పెడితే పొద్దున్నకి పొంగే పద్ధతి అనుకోండి, పొయ్యి లేకుండానే పిండి మారిపోయింది. ఆయన చెప్పినవన్నీ నిలవలేదు గానీ పులుపు విషయంలో గురి తప్పలేదు, కడుపులో ఉన్నది హైడ్రోక్లోరిక్ యాసిడ్ అని 1820ల్లో ఇంగ్లండులో విలియం ప్రౌట్ తేల్చాడు. మీ ఇంట్లో వాళ్ళ గుండెల్లో మంట అదే, యాసిడ్ పైకి ఎగదన్నడం. నడుం నొప్పికి మాత్రం గ్యాస్‌ని బద్నాం చేయకండి పాపం. అన్నట్టు గుండెలో మంట నడిచినా, మెట్లెక్కినా ఎక్కువవుతుంటే గ్యాసే కదా అని వాము నమిలి కూర్చోవద్దు, వెంటనే చూపించుకోండి.

ప్రశ్న: గ్రీకువాళ్ళకి వంట సరే, మరి మనం జీర్ణం అంటాం, అరగడం అంటాం. "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అని మా నానమ్మ పిల్లల పొట్ట నిమిరేది. జీర్ణం అంటే శిథిలం అని కూడా కదా, ఇదేం తిరకాసు? (డిగ్రీ విద్యార్థిని, హన్మకొండ)

జవాబు: తిరకాసు ఏం లేదమ్మా, చాలా మంచి ప్రశ్న వేశావు. జీర్ణం అంటే అరిగిపోయింది, పాతబడింది, నలిగిపోయింది. గీతలోనే రెండో అధ్యాయంలో చినిగిన పాతబట్టల్ని "వాసాంసి జీర్ణాని" అన్నాడు. పాత గుళ్ళు బాగుచేయిస్తే జీర్ణోద్ధరణ అంటాం. ముసలితనానికి జర. ఈ ధాతువుకీ గ్రీకులో చుట్టాలున్నారు, గేరోన్ అంటే ముసలాయన, దాన్నుంచి వచ్చిందే ఇప్పుడు ఆస్పత్రుల్లో బోర్డు కనపడే జెరియాట్రిక్స్. అంటే మీ నానమ్మ జీర్ణం, ఆవిడ వెళ్ళే డాక్టరు గారి జెరియాట్రిక్స్ ఒకే గూటివి.

ఇందులో నాకు బాగా నచ్చింది మన అచ్చ తెలుగు మాట. అరగడం. చెప్పులు అరిగాయి అంటాం, సానమీద గంధపు చెక్క అరిగింది అంటాం, తిన్నది అరిగింది అంటాం. సంస్కృతంతో సంబంధం లేకుండానే తెలుగువాడు కూడా జీర్ణం అన్నవాడి దారిలోనే ఆలోచించాడు, తిన్నది లోపల నలిగి నలిగి కరిగిపోతుందని. ఉడకడమా నలగడమా అనేదే మరి తేలాలి.

సరదాగా అనిపిస్తుంది గానీ సరిగ్గా ఈ గొడవే వైద్యంలో రెండువేల ఏళ్ళు నడిచింది. రోమ్‌లో టిబేరియస్ చక్రవర్తి కాలం నాటి కెల్సస్ తన వైద్యగ్రంథం ముందుమాటలో నాలుగు పార్టీల పేర్లు చెప్పాడు. ఎరాసిస్ట్రాటస్ మనుషులు కడుపులో తిండి నలుగుతుందన్నారు, ప్లిస్టోనికస్ వెనకున్నవాళ్ళు కుళ్ళుతుందన్నారు, హిప్పోక్రటీస్‌ని నమ్మినవాళ్ళు వేడికి ఉడుకుతుందన్నారు, అస్క్లెపియాడిస్ వర్గం వచ్చి ఇవన్నీ దండగ కబుర్లు, మింగినది మింగినట్టే పచ్చిగానే ఒళ్ళంతా పంచబడుతుంది అన్నారు. మన అరగడం ఎరాసిస్ట్రాటస్ పార్టీ, పచనం హిప్పోక్రటీస్ పార్టీ. డైజెషన్ అనే లాటిన్ మాట చూశావా, దాని ధాతువుకి అర్థం విడదీసి తలోవైపు చేరవేయడం, అది నాలుగోవాళ్ళకి దగ్గర.

తేల్చింది ఎవరంటే, 1752లో ఫ్రాన్స్‌లో రెయోమూర్. ఆయన దగ్గర ఒక పెంపుడు గద్ద ఉండేది. గద్దకి ఒక అలవాటు, అరగనిది ఏదైనా ఉంటే మళ్ళీ బయటికి కక్కేస్తుంది. దాన్ని వాడుకుని, చిన్న లోహపు గొట్టంలో మాంసం పెట్టి రెండు చివర్లా జల్లెడలా అల్లిక కట్టి మింగించాడు. గొట్టం గట్టిది, కడుపు ఎంత నలిపినా లోపలి మాంసాన్ని తాకలేదు. గద్ద గొట్టాన్ని కక్కింది, చూస్తే లోపల మాంసం చాలావరకు కరిగిపోయి ఉంది, కుళ్ళు వాసన కూడా లేదు. నలగడం, కుళ్ళడం రెండూ ఒక్క దెబ్బకి పోయాయి. తర్వాత ఇటలీలో స్పలాంజానీ ఇంకా ముందుకెళ్ళి గుడ్డ సంచుల్లో తిండి కుట్టి తనే మింగాడు, అదీ చాలక కడుపులోని రసం, మాంసం కలిపి గొట్టాల్లో పోసి ఒంటి వేడి తగలాలని చంకలో పెట్టుకుని తిరిగాడు. చంకలో కూడా అరిగింది! వేడి కాస్త సాయం చేస్తుంది, అసలు పని రసానిది.

ఆ రసంలో ఉన్నది ఉత్త యాసిడేనా ఇంకేమైనా ఉందా అనేది 1836లో బెర్లిన్‌లో థియోడోర్ ష్వాన్ పట్టుకున్నాడు. ఉడికించిన గుడ్డు తెల్లసొనని ఉత్త యాసిడ్‌లో వేస్తే అంతగా కరగలేదు, కడుపు లోపలి పొర నుంచి తీసింది రవ్వంత కలిపితే కరిగిపోయింది. ఆ రవ్వంతకి ఆయన పెట్టిన పేరు పెప్సిన్. చూడు, వంట సిద్ధాంతాన్ని పూర్తిగా పడగొట్టిన పదార్థానికి వంట పేరే పెట్టారు! ప్రొటీన్లు ముక్కలైతే వచ్చేవాటికి 1902లో ఎమిల్ ఫిషర్ పెప్టైడ్ అని పేరు పెట్టాడు, అదీ ఆ కుటుంబమే, ఇవాళ ఫేస్‌క్రీముల యాడ్స్‌లో కూడా వినపడుతోంది. లండన్‌లో పాఠాలు చెప్పిన స్కాట్లండు వైద్యుడు విలియం హంటర్ పేరుమీద ఒక మాట తిరుగుతూ ఉంటుంది, కొందరు కడుపు తిరగలి అంటారు, కొందరు పులిసే తొట్టి అంటారు, కొందరు వంటగిన్నె అంటారు, నన్నడిగితే అది కడుపు, అంతే అని. పాఠం చెప్తూ విసుగొచ్చి అన్నట్టుంటుంది, నాకైతే అందులో నిజం చాలా కనిపిస్తుంది.

ప్రశ్న: చర్మం జబ్బుకి మా నాన్నగారు పాతబస్తీలో యునానీ హకీం దగ్గర వాడుతున్నారు. "ముందు ముంజిజ్ ఇస్తాం, తర్వాతే జులాబు" అన్నారాయన. ముంజిజ్ అంటే పండించేది అని చెప్పారు. ఏం పండిస్తారు? (మొఘల్‌పురా, హైదరాబాద్)

జవాబు: మీ నాన్నగారు వాడుతున్నది ఈ పేజీలో మనం చెప్పుకుంటున్న గ్రీకు వైద్యమేనండీ. యునానీ అంటేనే అయోనియా వాళ్ళది, గ్రీకులది అని. హిప్పోక్రటీస్, గాలెన్ అనే పాతకాలపు గ్రీకు వైద్యులు రాసినవి అరబ్బీలోకి వెళ్ళి, అక్కణ్ణుంచి పర్షియా మీదుగా మన దాకా వచ్చాయి. చార్మినార్ పక్కనే నిజామియా టిబ్బీ కాలేజీ, దవాఖానా ఉన్నాయి కదా, అక్కడ ఇవాళ్టికీ అదే చదువు.

హిప్పోక్రటీస్ బడిలో పెప్సిస్ అంటే తిండికే కాదు, జబ్బుకి కూడా. ఒంట్లో చెడిన ద్రవం ముందు పల్చగా, పచ్చిగా ఉంటుంది, అది పక్వానికి వస్తే చిక్కబడుతుంది, అప్పుడే బయటికి పోతుంది, పచ్చిగా ఉండగా తోలితే రోగి దెబ్బతింటాడు అని వాళ్ళ లెక్క. జలుబు చేసినప్పుడు మొదట్లో నీళ్ళలా కారి, రోజులు గడిచాక చిక్కబడి, అంతటితో తగ్గడం చూసే ఈ లెక్క వేశారు. ఆ పక్వానికి తెచ్చే మందే ముంజిజ్, అరబ్బీలో పండడం అనే ధాతువు నుంచి వచ్చింది, పెప్సిస్‌కి అరబ్బీవాళ్ళు చేసుకున్న అనువాదం అన్నమాట. ఆ తర్వాత బయటికి తోలే మందు, అంటే విరేచనాల మందు, జులాబు. పెప్సిస్‌నే ఇంగ్లీషువాళ్ళు లాటిన్ నుంచి మాట తీసుకుని కన్‌కాక్షన్ అన్నారు, అదీ వంట ధాతువే. ఒకప్పుడు వాళ్ళ వైద్యగ్రంథాల్లో కడుపులో మొదటి వంట, కాలేయంలో రెండోది, ఒళ్ళంతా మూడోది అని రాసేవాళ్ళు. ఇప్పుడు ఆ మాట పరువు పోయి, ఏవేవో కలిపి చేసిన పిచ్చి కషాయానికి పేరుగా మిగిలింది.

ప్రశ్న: బీఫార్మసీ చదువుతున్నాను. పచ్, పెప్ ఒకటే అని మీరు ఇంతకుముందు కూడా ఒకసారి రాశారు. చ కాస్తా ప ఎలా అవుతుంది సార్? ఇలా అయితే ఏదైనా ఏదైనా అయిపోవచ్చుగా? అయినా సంస్కృతం నుంచే గ్రీకు వచ్చిందని వాట్సాప్‌లో చూశాను. (గుంటూరు)

జవాబు: అనుమానం రావాల్సిందే, ఏదో ఒక్క జత చూపించి చుట్టరికం అంటే నమ్మకూడదు. ఒకే మార్పు వరసగా చాలా మాటల్లో కనపడితేనే నమ్మాలి. నీ సబ్జెక్టులోంచే చెప్తాను. కాలేయానికి సంస్కృతం యకృత్, గ్రీకులో హేపార్, షష్ఠిలో హేపాతోస్, అందుకే హెపటైటిస్. యకృత్‌లో క ఉన్నచోట గ్రీకులో ప. మాటకి సంస్కృతం వచస్సు, గ్రీకులో ఎపోస్, ఇంగ్లీషు ఎపిక్ దీన్నుంచే. చ ఉన్నచోట మళ్ళీ ప. పచ్, పెప్ సరేసరి. ఈ రెండు భాషలూ పుట్టకముందున్న మూలభాషలో ఆ చోట క్వ లాంటి శబ్దం ఉండేది, అది సంస్కృతంలో చోటునిబట్టి క, చ అయింది (అందుకే పాకం, పచనం రెండూ ఉన్నాయి, వాక్కు, వచనం రెండూ ఉన్నాయి), గ్రీకులో మామూలుగా ప అయింది, ఎ, ఇ అచ్చుల ముందు త అయింది. అందుకే మన పంచ వాళ్ళకి పెంతె, పెంటగాన్‌లో ఉన్నది అదే. లాటిన్‌వాళ్ళు ఆ క్వని కొంతవరకు అలాగే ఉంచుకున్నారు, వాళ్ళ వంట మాట కొక్వో, ఇంగ్లీషు కుక్ అక్కణ్ణుంచే. యకృత్‌లో య గ్రీకులో హ అవడం కూడా లెక్కప్రకారమే, సంస్కృతం యః అంటే వాళ్ళు హోస్ అంటారు.

వాట్సాప్ సంగతికి వస్తే, సంస్కృతం గ్రీకుకి అమ్మ కాదు, అక్క అనుకోవచ్చు. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ ఉపన్యాసంలో చెప్పింది అదే, ఈ రెండూ లాటినూ ఇప్పుడు లేని ఒక భాషలోంచి పుట్టి ఉండాలని. మన తెలుగు ఆ ఇంట్లోది కాదు, వేరే ఇల్లు. వండు, అరుగు, కడుపు మన సొంత సొత్తు. ఆ సంగతి మొదట అచ్చులో చెప్పింది కూడా తెలుగు పుస్తకంలోనే, 1816లో మద్రాసులో క్యాంప్‌బెల్ వేసిన తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి రాసిన పరిచయంలో, తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబం, సంస్కృతం నుంచి పుట్టినవి కావు అని. మన స్కూళ్ళలో జోన్స్ పేరు చెప్తారు గానీ ఎల్లిస్ పేరు చెప్పరు, నాకు అదొక బాధ.

ప్రశ్న: ఇక్కడ నవంబరు వస్తే ఎక్కడ చూసినా పంప్కిన్, అదే గుమ్మడికాయ. దానికీ గ్రీకు పేరేనని ఆఫీసులో ఎవరో అన్నారు. నిజమేనా? (డాలస్)

జవాబు: నిజమే, పైగా అదీ ఈ కడుపు ధాతువే! పెపోన్ అంటే పండినది. దోసజాతి కాయల్లో బాగా పండాకే తినేదాన్ని అలా పిలిచారు. అది లాటిన్‌లో పెపో, ఫ్రెంచిలో పొంపొన్, ఇంగ్లీషులో పంపియన్, చివరికి పంప్కిన్. కాయ పుట్టింది అమెరికాలో, పేరు మాత్రం కాయ యూరప్ వెళ్ళకముందునుంచే ఉంది. మెలన్ కూడా మొదట మెలోపెపోన్, తోక తెగి మెలన్ మిగిలింది. బిస్కెట్ అంటే లాటిన్‌లో రెండుసార్లు వండింది, అదీ ఇదే ధాతువు, టీలో ముంచుకునేటప్పుడు గుర్తు తెచ్చుకోండి.

ప్రశ్న: ఎండోస్కోపీ రిపోర్టులో పెప్టిక్ అల్సర్, హెచ్ పైలోరీ పాజిటివ్, డుయోడినం అని ఉంది. ఈ మూడు మాటలూ విప్పి చెప్తారా? (ఖమ్మం)

జవాబు: పెప్టిక్ మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది, యాసిడ్, పెప్సిన్ కలిసి పొరని కొరికేస్తే పడే పుండు. తిండిని కరిగించేవి మన పొరనే కరిగిస్తున్నాయన్నమాట. పైలోరీ అనేది పైలోరస్ నుంచి, కడుపు కింది ద్వారం, గ్రీకులో పిలోరోస్ అంటే గేటు దగ్గర కాపలావాడు, అచ్చంగా ద్వారపాలకుడు. ఆ బ్యాక్టీరియాకి ముందున్న హెలికో మెలితిరిగినది అని. ఆస్ట్రేలియాలో పెర్త్ ఊళ్ళో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అని ఇద్దరు డాక్టర్లు అల్సర్లకి కారణం కారం, టెన్షన్ అని అందరూ అంటుంటే కాదు ఈ పురుగు అన్నారు, ఎవరూ నమ్మలేదు. 1982లో ఈస్టర్ సెలవులకి ల్యాబ్‌లో ప్లేట్లు మామూలుకంటే ఎక్కువ రోజులు ఉండిపోతే అది పెరిగి కనపడింది. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన రసం తనే తాగి జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. ఇప్పుడు దానికి యాంటీబయాటిక్స్ కోర్సు ఉంది, తగ్గినట్టుందని మధ్యలో ఆపేయకండి, కోర్సు మొత్తం వాడండి.

డుయోడినం లాటిన్ మాటే గానీ ఆలోచన గ్రీకుది, అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్ పెట్టిన పేరుకి అనువాదం, పన్నెండు వేళ్ళది అని. చిన్నపేగు మొదటి ముక్క పొడవు పన్నెండు వేళ్ళ వెడల్పంత ఉందని కొలిచాడాయన. ఇప్పటి లెక్కలో దాదాపు 25 సెంటీమీటర్లు, రెండు చేతులూ పక్కపక్కన పెడితే బొటనవేళ్ళు వదిలేసి ఎనిమిది వేళ్ళు, ఇంకో నాలుగు పక్కవాళ్ళని అడగండి.